విడగొట్టిన బిల్లు మళ్ళీ కలిసిపోయింది

సాఫ్టువేరు చరిత్ర గురించి ఎవరు రాసినా భాషల గురించి రాస్తారు, యంత్రాల గురించి రాస్తారు, గ్యారేజీలో మొదలుపెట్టి కోటీశ్వరులైపోయిన కుర్రాళ్ళ గురించి రాస్తారు. బిల్లు గురించి మాత్రం ఎవరూ రాయరు. పాపం, బిల్లు అంత రసవత్తరమైన వస్తువు కాదు మరి. కానీ నన్నడిగితే సాఫ్టువేరు అనేది ఒక వ్యాపారంగా నిలబడిందే ఒక బిల్లు వల్ల. 1969లో ఒక పెద్ద కంపెనీ తన బిల్లులో ఒకటిగా ఉన్న అంకెని రెండుగా విడగొట్టింది. యంత్రానికి ఇంత, ప్రోగ్రాముకి ఇంత. ఆ చీలికలోంచే మన ఉద్యోగాలన్నీ పుట్టుకొచ్చాయి. ఇప్పుడు, యాభై ఏళ్ళు దాటాక, ఆ రెండు అంకెలూ మళ్ళీ ఒకే కాగితం మీదకి చేరుకుంటున్నాయి. ఈసారి వాటిని కలుపుతున్న దాని పేరు క్లౌడ్ మార్కెట్‌ప్లేస్.

ఈ గొడవ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ కంప్యూటర్లని అద్దెకిస్తాయి. దాన్నే క్లౌడ్ అంటున్నాం. ఆ అద్దె వ్యాపారం పక్కనే ముగ్గురూ తలా ఒక దుకాణం తెరిచారు. అందులో వేరే కంపెనీలు తయారుచేసిన సాఫ్టువేరు దొరుకుతుంది. నచ్చినది కొనుక్కుంటే దాని ఖరీదు విడిగా కట్టక్కర్లేదు, నెలనెలా వచ్చే క్లౌడ్ బిల్లులోనే ఒక వరుసగా వచ్చేస్తుంది. చూడ్డానికి ఇంతే. ఇందులో చరిత్ర ఏముంది అనుకుంటున్నారా? చాలా ఉంది. మొదట్నించీ చూద్దాం.

1950లు, 60ల్లో కంప్యూటరు కొనుక్కునేవాళ్ళు తక్కువ. నెలకింతని అద్దెకు తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ. ఆ అద్దెలోనే అన్నీ ఉండేవి: యంత్రం, అది మొరాయిస్తే చూసే ఇంజనీరు, సిబ్బందికి శిక్షణ, దాంతోపాటు ప్రోగ్రాములు. ప్రోగ్రాముకి వేరే ధర ఏమిటి, ఎవరైనా నవ్విపోతారు. పెళ్ళిభోజనానికి వెళ్ళి పప్పు ఎంత, పులుసు ఎంత అని అడుగుతామా? అదే వరస.

ఈ పద్ధతిలో ఐబీఎంకి ఇబ్బంది లేదు, వాడేవాళ్ళకీ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా యంత్రాల జోలికి పోకుండా కేవలం ప్రోగ్రాములు రాసి అమ్ముకు బతుకుదామనుకున్నవాళ్ళకి. అప్లైడ్ డేటా రీసెర్చ్ అని న్యూజెర్సీలో ఒక చిన్న కంపెనీ. అందులో మార్టిన్ గోట్జ్ అనే ఆయన ఉండేవాడు. వాళ్ళు 1960ల నడుమ ఆటోఫ్లో అనే ప్రోగ్రాము తయారుచేశారు. ప్రోగ్రాముని చదివి దాని ఫ్లోచార్టు తనే గీసిపెడుతుంది. ముందు ఆర్‌సీఏ అనే కంప్యూటర్ల కంపెనీ కోసం రాశారు. వాళ్ళు వద్దన్నారు. పోనీలే అని విడిగా అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్ళ దగ్గరకెళ్తే ఒకటే మాట: "ఐబీఎం వాళ్ళ దగ్గర ఇలాంటిదే ఊరికే వస్తుంది కదా, మీకు డబ్బులెందుకివ్వాలి?"

ఊరికే వచ్చేదానితో పోటీ పడడం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది. గోట్జ్ మాత్రం ఊరుకోలేదు. 1968లో సార్టింగు పద్ధతి ఒకదానికి పేటెంటు తెచ్చుకున్నాడు. అమెరికాలో సాఫ్టువేరుకి వచ్చిన మొదటి పేటెంటుగా దాన్నే చెప్తారు. 1969లో వాళ్ళ కంపెనీ ఐబీఎం మీద దావా కూడా వేసింది. అదే రోజుల్లో, 1967లో, ఇన్ఫర్మాటిక్స్ అనే ఇంకో కంపెనీ మార్క్ ఫోర్ అనే ప్రోగ్రాముని 30,000 డాలర్లకి అమ్మకానికి పెట్టింది. ఫైళ్ళలోంచి రిపోర్టులు తీసిపెట్టే ప్రోగ్రాము అది. ఊరికే రావాల్సిన వస్తువుకి అంత ధరా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. అయినా అది బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది.

ఇక్కడే మన కథకి కావలసిన అసలు మనిషి ఒకాయన వస్తాడు. ఇండియానాపొలిస్ ఊళ్ళో లారీ వెల్కీ అని. ఆయన 1967లో ఐసీపీ క్వార్టర్లీ అని మూడు నెలలకోసారి ఒక పుస్తకం వెయ్యడం మొదలుపెట్టాడు. ఏముందందులో? అమ్మకానికి ఉన్న ప్రోగ్రాముల జాబితా. ఏ ప్రోగ్రాము ఏం చేస్తుంది, ఎవరి దగ్గర దొరుకుతుంది, అంతే. నా దృష్టిలో సాఫ్టువేరుకి మొదటి మార్కెట్‌ప్లేస్ ఇదే. కాకపోతే ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. ఆ పుస్తకం దుకాణం చిరునామా చెప్పేది, అంతే తప్ప గల్లాపెట్టె దగ్గర కూర్చునేది కాదు. బేరం, బిల్లు, డబ్బు అన్నీ కొనేవాడికీ రాసినవాడికీ మధ్యే.

ఇక 1969. ఆ ఏడాది జనవరిలో అమెరికా న్యాయశాఖ ఐబీఎం మీద గుత్తాధిపత్యం కేసు పెట్టింది. జూన్ 23న ఐబీఎం ఒక ప్రకటన చేసింది: ఇకపై యంత్రం వేరు, ప్రోగ్రాములు వేరు, శిక్షణ వేరు, దేని ధర దానిదే. కేసు భయంతోనే చేశారా, ప్రోగ్రాముల ఖర్చు మోయలేక చేశారా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. రెండూ నిజమే అయ్యుంటాయి. మొదటి విడతలో 17 ప్రోగ్రాములకి విడిగా ధర కట్టారు. ఇప్పటికీ బ్యాంకుల్లో నడుస్తున్న సీఐసీఎస్ అందులో ఒకటి. మరి ప్రోగ్రాములు తీసేశారు కదా, యంత్రం ధర ఎంత తగ్గించారంటారా? 3 శాతం. వాడేవాళ్ళు గగ్గోలు పెట్టారు, ఇన్నాళ్ళూ ఊరికే ఇచ్చినదాని విలువ ఇంతేనా అని. ఈ 3 శాతం కూడా గుర్తుపెట్టుకోండి.

అలా బిల్లు రెండుగా చీలింది. "ఊరికే వస్తుంది" అన్న మాట పోయాక, చిన్న కంపెనీలు నిలబడడానికి కాస్త నేల దొరికింది. 1976లో బిల్ గేట్స్ కంప్యూటరు ఔత్సాహికులకి బహిరంగ లేఖ రాసి, మా బేసిక్‌ని దొంగతనంగా కాపీ చేసుకుంటున్నారు అని మొత్తుకున్నప్పుడు, సాఫ్టువేరుకి డబ్బివ్వాలి అన్న ఆ మాటకి అప్పటికే ఒక వ్యాపారం ఆధారంగా ఉంది. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్, జిమ్ నాఫ్ ఇద్దరూ ఎవరికి వారు ఇంకో దారి తొక్కారు: వాడి చూడండి, నచ్చితేనే డబ్బు పంపండి అని. దాన్నే తర్వాత షేర్‌వేర్ అన్నారు. దుకాణంలో అట్టపెట్టెలో అమ్మినా, ఫ్లాపీలో పంచినా, అమ్మకాల మనిషి టై కట్టుకుని ఆఫీసుకొచ్చి అంటగట్టినా, అన్నిట్లో ఒకటి మారలేదు. సాఫ్టువేరు బిల్లు, కంప్యూటరు బిల్లు విడివిడిగానే ఉన్నాయి.

అయితే పెద్ద కంపెనీలకి అమ్మాలంటే ఈ విడి బిల్లే ఒక పెద్ద గోడ. లోపల పనిచేసే ఇంజనీరుకి మీ సరుకు నచ్చుతుంది. సరే అంటాడు. అక్కడితో అయిపోతుందా? పర్చేజ్ డిపార్ట్‌మెంటు మిమ్మల్ని కొత్త వెండారుగా నమోదు చెయ్యాలి. లాయర్లు ఒప్పందంలో ప్రతి కామాని తడిమి చూడాలి. సెక్యూరిటీ వాళ్ళు వందల ప్రశ్నల కాగితం పంపుతారు. అన్నీ అయ్యాక పర్చేజ్ ఆర్డరు వస్తుంది, ఆ తర్వాత నెలలకి డబ్బు వస్తుంది. పదిమంది ఉన్న కంపెనీకి ఇదంతా తట్టుకునే ఓపిక ఎక్కడిది? ఎన్నో మంచి ప్రోగ్రాములు బాగోలేక కాదు, ఈ కాగితాల కింద నలిగి చచ్చిపోయాయి.

ఇప్పుడు 2006కి వద్దాం. ఆ ఏడాది మార్చిలో అమెజాన్ ఎస్3 వచ్చింది, ఆగస్టులో ఈసీ2 వచ్చింది. కంప్యూటరుని గంటల లెక్కన అద్దెకిచ్చారు. గమనించారా, 1960ల్లో లాగే మళ్ళీ అద్దె! కాకపోతే నెలల బదులు గంటలు. ఇక్కడో చిక్కు వచ్చిపడింది. యంత్రం గంటకి దొరుకుతోంది, దాని మీద నడిచే సాఫ్టువేరు లైసెన్సు మాత్రం ఏడాదికి, అదీ ప్రాసెసర్ల లెక్కన. మూడు గంటల పనికి ఏడాది లైసెన్సు ఎవడు కొంటాడు? 2007లో రెడ్‌హ్యాట్ తన లినక్సుని ఈసీ2 మీద గంటల లెక్కన ఇవ్వడానికి సిద్ధపడింది. అదే ఏడాది చివర అమెజాన్ డెవ్‌పే అని ఒక సేవ తెచ్చింది. మీ సాఫ్టువేరు ఎక్కించిన సర్వరు బొమ్మని మీరు నిర్ణయించిన ధరకి అద్దెకివ్వచ్చు, డబ్బు వసూలు చేసిపెట్టే పని అమెజాన్‌ది. అది పెద్దగా నిలబడలేదు కానీ, విత్తనం మాత్రం అదే.

అటుపక్క సేల్స్‌ఫోర్స్ 2005లో ప్రకటించి 2006 మొదట్లో తెరిచిన యాప్ఎక్స్ఛేంజ్ ఉంది. వాళ్ళ సాఫ్టువేరుకి అదనపు హంగులు ఇతరులు రాసి అమ్ముకునే అంగడి అది. 2008 జులైలో యాపిల్ 500 యాప్‌లతో యాప్ స్టోర్ తెరిచి, అమ్మిన ప్రతిదాంట్లో 30 శాతం మాది అంది. ఐసీపీ పుస్తకానికీ దీనికీ ఉన్న తేడా ఇదే: యాపిల్ జాబితా ఒక్కటే వెయ్యలేదు, గల్లాపెట్టె దగ్గర కూడా తనే కూర్చుంది.

2012 ఏప్రిల్ 19న ఏడబ్ల్యూఎస్ మార్కెట్‌ప్లేస్ తెరిచారు. మొదటిరోజు అమ్మకందారుల్లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, ఎస్ఏపీ లాంటి ఏనుగులూ ఉన్నాయి, కౌచ్‌బేస్, 10జెన్ లాంటి అప్పటి చిన్నవాళ్ళూ ఉన్నారు. ఐబీఎం అని చదవగానే నాకు నవ్వొచ్చింది. బిల్లు విడగొట్టిన ఆసామే, కలిపే దుకాణంలో మొదటి వరసలో సరుకు పెట్టాడు! :)

అప్పట్లో పని ఎలా జరిగేదంటే, అమ్మేవాళ్ళు తమ సాఫ్టువేరు ఎక్కించి పెట్టిన సర్వరు బొమ్మని అమెజాన్‌కి ఇస్తారు. అమెజాన్ దాన్ని పరీక్షించి, దానికొక ప్రోడక్ట్ కోడ్ తగిలిస్తుంది. ఎవరైనా ఆ బొమ్మతో సర్వరు మొదలుపెడితే, అది ఎన్ని గంటలు తిరిగిందో అమెజాన్‌కి ఎలాగూ తెలుసు. ఆ గంటలకి సాఫ్టువేరు ధర కూడా కలిపి బిల్లులో వేసేస్తుంది. తన వాటా తీసుకుని మిగతాది అమ్మినవాళ్ళకి పంపుతుంది. బేరాల్లేవు, సంతకాల్లేవు, ధర అందరికీ ఒకటే, నిమిషాల్లో పని మొదలు. ఇంజనీరు మనసెరిగి కట్టిన దుకాణం అది.

ఆ దుకాణం అలాగే ఉండిపోయుంటే ఇంత రాయాల్సిన పని లేదు. 2016 చివర్లో సాస్‌ని, అంటే అమ్మేవాడి సర్వర్ల మీదే నడుస్తూ బ్రౌజరులోంచి వాడుకునే సాఫ్టువేరుని కూడా అందులో చేర్చారు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, కథ మలుపు తిరిగింది ఇక్కడే. ఇంతవరకూ కొన్న సాఫ్టువేరు కొన్నవాడి ఖాతాలోనే నడిచేది కాబట్టి గంటలు అమెజాన్‌కి కనపడేవి. సాస్ అలా కాదు. కొన్నవాడు దాన్ని ఎంత వాడాడో అమెజాన్‌కి కనపడదు. అందుకని అమ్మేవాడే లెక్క చెప్పాలి.

ఆ కోడ్ రాసినవాళ్ళకి ఈ తతంగం తెలిసే ఉంటుంది. కొనేవాడు దుకాణంలో బటను నొక్కగానే ఒక టోకెను పట్టుకుని మన సైటుకి వస్తాడు. ఆ టోకెనుని అమెజాన్‌కి తిరిగి చూపిస్తే, ఇతను ఫలానా గుర్తింపు సంఖ్య గల కస్టమరు అని చెప్తుంది. అక్కణ్ణుంచి ప్రతి గంటకీ అతను ఎంత వాడాడో లెక్కకట్టి మనం పంపాలి. ఆలస్యమైతే ఆ లెక్క తీసుకోరు, డబ్బు పోయినట్టే. కస్టమరు మానేస్తున్నాడు అంటే ముందు ఒక కబురొస్తుంది. చివరి లెక్క పంపడానికి అప్పట్నించి గంట టైము. దుకాణంలో సరుకు పెట్టడం ఒకరోజు పని అనుకుంటారు గానీ, అమ్మకం తర్వాత నడిచే ఈ చాకిరీయే అసలు పని: ఎవరికి ఎంతవరకు హక్కుంది, ఎవరి గడువు ఎప్పుడు తీరింది, ఎవరు మధ్యలో ప్లాను మార్చారు, నెలాఖరున అమెజాన్ పంపిన డబ్బుకీ మన పద్దులకీ ఎక్కడ తేడా వచ్చింది.

మన మార్కెట్ యార్డుల్లో కాటా ఎవరి చేతిలో ఉంటే వాడిదే రాజ్యం అంటారు. ఇక్కడ విచిత్రం ఏమిటంటే, కాటా మాత్రం అమ్మేవాడికే ఇచ్చేశారు. బిల్లు పుస్తకం తమ దగ్గర ఉంచుకున్నారు. కాటా కంటే బిల్లు పుస్తకమే బలమైనదని వాళ్ళకి తెలుసు.

ఎందుకు బలమైనదో చెప్తాను. 2017, 18 ప్రాంతాల్లో ప్రైవేటు ఆఫర్లు వచ్చాయి. అంటే కొనేవాడూ అమ్మేవాడూ బయట కూర్చుని బేరమాడుకుంటారు, ధర, గడువు, షరతులు అన్నీ తేల్చుకుంటారు. తేలిపోయాక ఆ ఒప్పందాన్ని తీసుకొచ్చి మార్కెట్‌ప్లేస్‌లో వేసి, అక్కడ బటను నొక్కుతారు. ఇదేం తమాషా? దుకాణం అంటే వెతుక్కోవడానికి కదా, వెతుక్కోవడం, బేరం అన్నీ బయటే అయిపోయాక ఇంకా దుకాణం ఎందుకు?

బిల్లు కోసం. పెద్ద కంపెనీలు క్లౌడ్ వాళ్ళతో ముందే ఒప్పందం చేసుకుంటాయి: వచ్చే మూడేళ్ళలో మీ దగ్గర ఇంత ఖర్చు పెడతాం, మాకు డిస్కౌంటు ఇవ్వండి అని. ఖర్చు పెట్టినా పెట్టకపోయినా ఆ మొత్తం కట్టాల్సిందే. ఉదాహరణకి ఒక కంపెనీ ఏడాదికి 50 లక్షల డాలర్లకి ఒప్పుకుందనుకోండి. ఏడాది చివర చూసుకుంటే ఇంకా 6 లక్షలు మిగిలాయి. అదే సమయంలో సెక్యూరిటీ సాఫ్టువేరు ఒకటి కొనాలి, 4 లక్షలు. ఆ కంపెనీ దగ్గర నేరుగా కొంటే ఇది కొత్త ఖర్చు, పైనుంచి అనుమతి తెచ్చుకోవాలి. మార్కెట్‌ప్లేస్‌లో కొంటే? ఎలాగూ కట్టాల్సిన డబ్బులోంచే పోతుంది, పూర్తిగా కాకపోయినా ఒప్పందాన్నిబట్టి కొంతైనా. పైగా కొత్త వెండారు నమోదు అక్కర్లేదు, అమెజాన్ వాళ్ళ జాబితాలో ఎప్పుడో ఉంది. మీరు ఆ కంపెనీలో మేనేజరైతే ఏం చేస్తారు? నేనైనా మార్కెట్‌ప్లేస్‌లోనే కొంటాను.

అందుకే కమీషన్ల చరిత్ర చూస్తే భలే ఉంటుంది. యాపిల్ 30 శాతం కోసం కోర్టుల దాకా వెళ్ళి పోట్లాడింది. క్లౌడ్ దుకాణాల్లో మాత్రం ఎవరూ అడక్కుండానే తగ్గించారు. 2021 జులైలో మైక్రోసాఫ్ట్ 20 శాతాన్ని 3 శాతానికి దించింది. మన హైదరాబాదాయన సత్య నాదెళ్ళ ఏలుబడిలో జరిగిన పని అది. అదే ఏడాది గూగుల్ కూడా 3 శాతానికి వచ్చింది. 2024 జనవరిలో అమెజాన్ కొత్త రేట్లు చెప్పింది: సాస్‌కి 3 శాతం, ప్రైవేటు ఆఫర్లలో 10 లక్షల డాలర్లు దాటితే 2, కోటి డాలర్లు దాటితే 1.5 శాతం.

మళ్ళీ అదే 3 శాతం! 1969లో బిల్లు విడగొట్టినప్పుడు ఐబీఎం తగ్గించింది 3 శాతం. ఇప్పుడు కలుపుతున్నందుకు క్లౌడ్ వాళ్ళు తీసుకుంటున్నది 3 శాతం. కాకతాళీయమే అనుకోండి, కానీ రెండుసార్లూ చెప్పేది ఒకటే. ఆ అంకెలో డబ్బు లేదు. డబ్బు ఆ అంకె కాపాడుతున్న దాంట్లో ఉంది. సాఫ్టువేరంతా మా బిల్లులోంచే కొనే అలవాటు పడిన కంపెనీ, రేపు వేరే క్లౌడ్‌కి మారాలంటే యంత్రాలే కాదు, పాతిక ఒప్పందాలు కూడా మూటగట్టుకుని మారాలి. వచ్చే మూడేళ్ళకి ఒప్పందం రాసుకునేటప్పుడు, మార్కెట్‌ప్లేస్ ఖర్చు కూడా ఉంది కదా అని అంకె ఇంకాస్త పెద్దది రాస్తుంది. అంత వస్తుంటే కమీషన్ కోసం కక్కుర్తి ఎందుకు? ఇంకో సంగతి, 2024 తగ్గింపులో కూడా జాబితా ధరకి అమ్మే సర్వరు బొమ్మల మీద 20 శాతం అలాగే పెట్టారు. అంటే బేరమాడి పెద్ద ఒప్పందం తెచ్చేవాడికి ఒకటిన్నర, ప్రైవేటు ఆఫరు లేకుండా గంటల లెక్కన అమ్ముకునే చిన్నవాడికి ఇరవై. 2012లో దుకాణం ఎవరి కోసం కట్టారో, 2024కి వాడే అందరికంటే ఎక్కువ కట్టేవాడయ్యాడు.

ఇక దుకాణం యజమాని తనే సరుకు కూడా అమ్మితే? పైన 10జెన్ అని ఒక పేరు చెప్పాను. అది మంగోడీబీ డేటాబేసు తయారుచేసిన కంపెనీ, 2013లో పేరు కూడా మంగోడీబీ అనే మార్చుకుంది. మొదటిరోజు నుంచీ ఏడబ్ల్యూఎస్ మార్కెట్‌ప్లేస్‌లో ఉన్నవాళ్ళు. వాళ్ళది ఓపెన్ సోర్సు. క్లౌడ్ కంపెనీలు మా సాఫ్టువేరుని తీసుకుని సేవగా అమ్ముకుంటాయేమో అన్న భయంతో 2018 అక్టోబరులో లైసెన్సు మార్చారు. 2019 జనవరిలో అమెజాన్ డాక్యుమెంట్‌డీబీ తెచ్చింది. మంగోడీబీ కోడ్ వాడలేదు, కానీ మంగోడీబీ కోసం రాసిన ప్రోగ్రాములు దాంతో మాట్లాడేలా కట్టారు. ఎలాస్టిక్ వాళ్ళదీ దాదాపు ఇదే గాథ. 2015లో అమెజాన్ వాళ్ళ పేరుతోనే సేవ మొదలుపెట్టింది, 2021 జనవరిలో వాళ్ళు లైసెన్సు మార్చారు, ఏప్రిల్‌కి అమెజాన్ ఓపెన్‌సెర్చ్ అని వేరుకుంపటి పెట్టుకుంది.

మరి గొడవపడి దుకాణం వదిలి వెళ్ళారా? లేదు. ఇద్దరూ ఇప్పటికీ అక్కడే అమ్ముతున్నారు. 2022లో మంగోడీబీ అమెజాన్‌తో కొత్తగా చేతులు కలిపింది కూడా. నేనిది ఎద్దేవా చెయ్యడానికి చెప్పట్లేదు. వెళ్ళడానికి ఇంకెక్కడా లేదు, కొనేవాడి డబ్బు ఆ బిల్లులో ఉంది మరి. గోట్జ్‌కి ఐబీఎంతో వచ్చిన చిక్కు ఇదే. యంత్రం అద్దెకిచ్చేవాడే ప్రోగ్రాము కూడా ఇస్తున్నాడు. కాకపోతే గోట్జ్ ఐబీఎం మీద దావా వెయ్యగలిగాడు, ఎందుకంటే తన అమ్మకాలు ఐబీఎం గల్లాపెట్టెలోంచి రావట్లేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఈ దుకాణాలు చిన్న కంపెనీలకి చేసిన మేలు నిజమైనదే. పదిమంది కంపెనీ ఒక పెద్ద అమెరికా బ్యాంకుకి సరుకు అమ్మడం మార్కెట్‌ప్లేస్ రాకముందు దాదాపు పగటికల. ఇప్పుడు కాగితాల గోడ చాలావరకు కూలిపోయింది. పన్నులు, వసూళ్ళు, మొండిబకాయిల తలనొప్పి సగానికి తగ్గింది. ప్రతి షరతూ మొదట్నించీ రాసుకోకుండా రెండుపక్షాలూ వాడుకునేలా ఒక ప్రామాణిక ఒప్పందం కూడా తయారుచేసి పెట్టారు. ఇవేవీ తక్కువ చేసి చెప్పేవి కావు.

కానీ గోడ కూలిన చోట గేటు పెట్టారు. గేటుకి తాళం ఉంటుంది. దీని రుచి మనవాళ్ళకీ బాగానే తెలుసు. ఏడబ్ల్యూఎస్ మార్కెట్‌ప్లేస్‌లో డబ్బుకి అమ్మాలంటే వాళ్ళు ఒప్పుకున్న దేశాల్లో నమోదైన సంస్థ అయ్యుండాలి. భారతదేశంలో నమోదైన కంపెనీకి చాలా ఏళ్ళపాటు ఆ జాబితాలో చోటు లేదు. ఆ రోజుల్లో హైదరాబాదులో కూర్చుని రాసిన సాఫ్టువేరు అక్కడ అమ్మాలంటే ముందు అమెరికాలోనో ఇంకోచోటో కంపెనీ పెట్టాల్సి వచ్చేది, అక్కడ బ్యాంకు ఖాతా తెరవాల్సి వచ్చేది, పన్నుల కాగితాలు నింపాల్సి వచ్చేది. కోడ్ ఎక్కడ రాశామన్నది కాదు, బిల్లు పుస్తకంలో ఎవరి పేరు ఎక్కుతుందన్నదే లెక్క.

తాళం ఎలా తిరుగుతుందో 2025లో చూశాం. ముందస్తు ఒప్పందాల్లో సాస్ ఖర్చు జమ కావాలంటే ఆ సాఫ్టువేరు పూర్తిగా అమెజాన్ యంత్రాల మీదే నడుస్తూ ఉండాలి అని ఆ ఏడాది మే నుంచి అమెజాన్ నిబంధన పెట్టింది. ఇందులో బలవంతం ఏమీ లేదు. మీ సాఫ్టువేరు ఏ క్లౌడ్ మీదైనా నడుపుకోండి, దుకాణంలో పెట్టుకోండి, కాదనేవాళ్ళు లేరు. కొనేవాడు మాత్రం అడుగుతాడు: "ఇది మా ఒప్పందంలో జమ అవుతుందా, అవదా?" అవదు అంటే బేరం చల్లబడుతుంది. అలా ఒక ఇంజనీరు తీసుకోవాల్సిన నిర్ణయం, అంటే ఏ యంత్రం మీద నడపాలి అన్నది, బిల్లులోని ఒక షరతు తీసేసుకుంటుంది. అదే ఏడాది జులైలో ఏఐ ఏజెంట్లకి కూడా ఆ మార్కెట్‌ప్లేస్‌లో ప్రత్యేకంగా ఒక వరుస తెరిచారు. సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ తన రెండు దుకాణాలనీ కలిపి ఒకటి చేసింది. అంటే రేపు రాబోయే సరుకు కూడా ఈ గేటులోంచే వెళ్తుంది.

1969కీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా ఉంది. అప్పుడు కలిపి ఉన్న బిల్లులో సాఫ్టువేరుకి విలువే కనపడేది కాదు. ఇప్పుడు ప్రతి వరుసా, ప్రతి గంటా, ప్రతి పైసా కనపడుతుంది. సాఫ్టువేరుకి ధర ఉందని ఎవరూ కాదనట్లేదు. కాబట్టి వెనక్కి వెళ్ళిపోయాం అనడం సరికాదు. కానీ బిల్లు విడగొట్టినప్పుడు వచ్చింది ధర ఒక్కటే కాదు. రాసినవాడికీ వాడేవాడికీ మధ్య నేరుగా ఒక దారి వచ్చింది. ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో, ఎందుకు మానేశారో తెలిసే దారి. కలిసిన బిల్లులో మళ్ళీ మూసుకుపోతున్నది ఆ దారే. కస్టమరు అనే మనిషి ఒక గుర్తింపు సంఖ్యగా మారి, నెలాఖరున ఒక రిపోర్టులో కనిపిస్తాడు.

అందుకని ఈ దుకాణాల్లో అమ్మొద్దు అనను. అలా అనడం యార్డుకి వెళ్ళకుండా మిరపకాయలు ఇంట్లో పెట్టుకోమన్నట్టు ఉంటుంది. అమ్మండి. కానీ పద్దు మీ దగ్గర ఉంచుకోండి. ఎవరికి ఏ హక్కు ఉందన్నది ముందు మీ డేటాబేసులో ఉండాలి, మార్కెట్‌ప్లేస్ దానికి కబురు చెప్పే ఒక దారి మాత్రమే కావాలి. వాడకం లెక్క మీ దగ్గర పూర్తిగా దాచుకుని, వాళ్ళకి పంపేది దాని నకలు అయ్యుండాలి. అమెజాన్ గుర్తింపు సంఖ్యే మీ కస్టమరు ప్రధాన గుర్తింపు అయిపోతే, రెండో దుకాణంలో అమ్మాలనుకున్న రోజున సగం కోడ్ తిరగరాయాలి. కొన్నవాడితో మొదటి వారంలోనే నేరుగా మాట్లాడండి, ఏటా ఒక్కసారైనా మాట్లాడండి. మొత్తం అమ్మకాల్లో ఎంత భాగం ఏ ఒక్క దుకాణంలోంచి వస్తోందో మూడు నెలలకోసారి చూసుకోండి.

ఇవన్నీ ఆర్కిటెక్చరు నిర్ణయాలు, అకౌంట్సు వాళ్ళవి కావు. మనవాళ్ళు చాలామంది బిల్లింగు కోడ్ అంటే ముఖం చిట్లించి, కొత్తగా చేరిన కుర్రాడికి అప్పజెప్తారు. చరిత్ర చూస్తే తెలుస్తుంది, ఈ వృత్తి మొత్తం ఒక బిల్లింగు నిర్ణయం మీద లేచి నిలబడిందని. ఆ కోడ్ కాస్త శ్రద్ధగా రాయండి.